భళాబండ

పూర్వం ఎర్రకోనదుర్గం రాజధానిగా వీరతిమ్మ భూపాలుడనే రాజు ధర్మం తప్పకుండా రాజ్యపాలన చేస్తున్న కాలంలో, ఆ దుర్గానికి పడమటగా నాలుగు ఆమడల దూరాన, మాచేరు అనే ఏటి ఒడ్డున, ఏడాది పొడుగునా గాలి ఆగని ఒక గుట్ట పాదాన నూట ఇరవై గడపల చిన్న ఊరొకటి ఉండేది. గుట్ట పేరు గాలిగుట్ట, ఊరి పేరూ అదే, గుట్ట మీద స్వయంభువుగా వెలసి ఆ ఊరిని చల్లగా చూస్తున్న తల్లి పేరు గాలెమ్మ. ఇప్పుడు మనమంతా భళాబండ అని చెప్పుకుంటున్న పుణ్యస్థలానికి ఆ పేరు రాకముందు సంగతి ఇది. రాయి, రప్ప, జొన్నచేలు, జాలిముళ్లు తప్ప చెప్పుకోదగ్గ సంపద ఏదీ లేని ఆ ఊరివారికి తమ ఊరంటే ఉన్న అతిశయం మాత్రం దుర్గంలో ఉన్నవారికి కూడా ఉండేది కాదని ప్రతీతి.

ఆ ఊరికొక ఆచారం ఉండేది. వైశాఖ పౌర్ణమి నాడు సూర్యోదయ వేళ అమ్మవారి పల్లకి ఊళ్లోని చిన్నగుడి నుంచి బయలుదేరి, గుట్ట చుట్టూ తొమ్మిది మజిలీలలో ఆగుతూ, పొద్దు గుంకే సమయానికి శిఖరాన ఉన్న ఎగువబండను చేరుకోవాలి. సన్నాయి పలికితేనే బోయీలు పల్లకి ఎత్తాలి. సన్నాయి లేని యాత్ర అమ్మవారికి యాత్రే కాదు. అలా ఎగువబండ చేరి అమ్మవారు ఊరిని ఒకసారి పైనుంచి చూసుకుంటేనే ఆ ఏడు మాచేట్లోకి నీళ్లు వస్తాయని ఆ ఊరివారి నమ్మకం. చూడకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చూడని ఏడాది అంతవరకూ రాలేదు.

అమ్మవారి సేవలో మంగళవాద్యం పలికించే వంశంలో ఓబన్న అనే భక్తుడు ఉండేవాడు. ఆయన వాయించేది సన్నాయి కాదు, ఒత్తు. సన్నాయి పక్కన నిలబడి, వేళ్లరంధ్రాలు లేని గొట్టాన్ని నోట పెట్టుకుని, ముక్కుతో గాలి పీల్చి బుగ్గల్లో నిలుపుకుంటూ, ఒకే ఒక్క స్వరాన్ని తెగకుండా పట్టి ఉంచడమే ఒత్తు పట్టేవాడి పని. ఆ స్వరమే శ్రుతి, సన్నాయి ఎన్ని వంకలు తిరిగినా చివరికి వచ్చి వాలేది దాని మీదనే. అయితే పెళ్లి కాని, ఉత్సవం కాని, అయిపోయాక జనం సన్నాయివాడి చుట్టూ మూగుతారు, డోలువాడి భుజం తడతారు, ఒత్తువాణ్ణి మాత్రం పక్కకు తప్పుకోమంటారు. ఓబన్న నలభై ఏళ్లుగా అలా తప్పుకుంటూనే ఉన్నాడు.

నిజానికి ఆయన పుట్టినప్పుడు ఒత్తుకోసం పుట్టలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో సన్నాయి పట్టి సాధన చేస్తున్న రోజుల్లో, ఒక పౌర్ణమినాడు బోయీ ఒకడు కాలు జారడంతో అమ్మవారి పల్లకి ఎగువబండ దగ్గర ఒరిగిపోగా, తల్లి నేలకు తగలకూడదని ఓబన్న ఆలోచన లేకుండా తన కుడిచేతిని అడ్డం పెట్టాడు. అమ్మవారు నేలను తాకలేదు. ఓబన్న రెండు వేళ్లు మాత్రం పల్లకి కొయ్యకూ బండకూ మధ్య నలిగి, తరువాత వంగకుండా కర్రల్లా బిగుసుకుపోయాయి. ఆ చేతికి ఇక సన్నాయి రంధ్రాలు అందలేదు. నోరుంది, ఊపిరుంది, వేళ్లు లేవు. అప్పటినుంచి ఆయన ఒత్తు పట్టాడు. తల్లిని ఎన్నడూ నిందించలేదు కాని, ఎగువబండ మీద మాత్రం ఆయనకు కొంచెం అలక ఉండేదని, ఉత్సవమప్పుడు తప్ప ఆ వైపు పోయేవాడు కాదని పెద్దలు చెబుతారు.

ఆయన చెల్లెలు వైధవ్యం పొంది కొడుకును చంకనెత్తుకుని పుట్టింటికి వచ్చింది. ఆ కొడుకే సింగారయ్య. ఓబన్న తన లోపల మిగిలిపోయిన పాటనంతా మేనల్లుడి చేతిలో పోశాడు. తాను వాయించి చూపలేడు కనుక నోటితో పాడి చూపేవాడు. మాచేటి ఒడ్డున ఇసుకలో పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక గమకాన్ని పదిసార్లు, ఇరవైసార్లు, అవసరమైతే సంకటి ముద్ద చల్లారిపోయేదాకా పాడేవాడు. భూపాల రాగం ఉదయం ఎలా కళ్లు తెరవాలో, మధ్యమావతి సాయంత్రం ఎలా మంగళం పలకాలో అన్నీ అలాగే నేర్పాడు. ఇరవై ఏళ్లు నిండేసరికి సింగారయ్య సన్నాయి ఎత్తితే ఏటి అవతల మేస్తున్న గొర్రెలు తల ఎత్తేవట. గొర్రెల మాట అటుంచితే, పక్క ఊళ్లవాళ్లు తల ఎత్తి వినడం మాత్రం నిజం.

ఒకనాడు ఏటి అవతలి తిరునాళ్లలో ఆ సన్నాయిని వీరతిమ్మ భూపాలుడు విన్నాడు. ఏనుగు దిగి, జనంలో నిలబడి, మంగళం పాడేదాకా కదలలేదు. మరుసటి వారమే రాజముద్రతో పిలుపు వచ్చింది, సింగారయ్య దుర్గంలో ఆస్థాన విద్వాంసుడు కావలసిందని.

ఇక గాలిగుట్టకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. దారిన పోయే బాటసారి దాహమని ఆగితే, నీళ్లు ఇచ్చే ముందు సింగారయ్య సంగతి చెప్పనిదే చెంబు చేతికిచ్చేవారు కారు. గానుగామె కదిరమ్మ, ఆ పిల్లవాడు చిన్నప్పుడు తన గానుగ చప్పుడు వినే తాళం పట్టాడని చెప్పేది. గొర్రెల మల్లప్ప, తన మంద గంటలలోనే వాడికి స్వరాలు దొరికాయని ఒట్టు పెట్టేవాడు. ఊరిపెద్ద బసిరెడ్డి అందరికంటే ఒక ఆకు ఎక్కువ చదివినవాడు కనుక, వాడికి ఆ ఊపిరి మా పొలం జొన్నసంకటివల్లే వచ్చిందని తేల్చేశాడు. ఓబన్న పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని కాదు పాపం, వాళ్లకు తోచలేదు. ఓబన్న కూడా వాళ్ల మాటలు విని లోలోపల నవ్వుకున్నాడే తప్ప కాదనలేదు. తన మేనల్లుడు ఊరందరికీ తలా ఒక ముక్క దక్కినందుకు ఆయనకు సంతోషంగానే ఉంది.

ప్రయాణమయ్యే రోజు ఉదయం సింగారయ్య మేనమామ కాళ్లకు దండం పెట్టి, లేచి, పోకుండా అక్కడే నిలబడ్డాడు. చాలాకాలంగా అతని గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది.

“ఊరంతా బాగుందంటాండారు మావా. రాజు గూడా అన్యాడు. నువ్వు మాత్రం ఒక్క తూరి గూడా అనలేదు.”

సన్నాయివాళ్ల విషయంలో ఓబన్న పాటించే పట్టింపు ఒకటుంది. మెచ్చుకోలు అనేది పాట గాలిలో ఉన్నప్పుడే అనాలి, చల్లారిన తరువాత అన్నది లెక్కలోకి రాదు.

“పాట గాల్లో ఉన్నప్పుడు అనాల్రా ఆ మాట,” అన్నాడు ఓబన్న. “అప్పుడు నా నోరు నీ పాటకే ఊడిగం చేస్తాంటాది. ఒత్తు తీసి బళా అంటి అనుకో, నీ పాట కింద పడిపోతాది. పాట ఐపోయినాంక అంటే అది పెండ్లింటి మర్యాద. ఆ మర్యాద నీకు నేను చేయనబ్బా.”

సింగారయ్య తల ఊపి బండి ఎక్కాడు. బండి మాచేరు దాటేదాకా ఓబన్న గట్టు మీద నిలబడి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. ఆ మాట తనకు మాత్రం చెప్పాలని లేదా? నలభై ఏళ్లుగా ఎంతమంది సన్నాయివాళ్ల పక్కన నిలబడినా నోరారా భళా అనాలనిపించింది ఈ ఒక్కడి పాటకే. ఆ ఒక్కడి పాటకే తన నోరు ఖాళీగా ఉండదు.

ఆ ఏటి వైశాఖ పౌర్ణమికి రాజు అనుమతితో సింగారయ్య వచ్చి అమ్మవారి ముందు సన్నాయి పలికించాడు. పట్టు ఉత్తరీయం, చేతికి రాజు తొడిగిన కంకణం, వెంట ఇద్దరు భటులు. చూసినవారికి మతులు పోయాయి. ఎగువబండ దగ్గర హారతి ఇస్తున్న సమయంలో బసిరెడ్డికి ఆవేశం ముంచుకొచ్చింది. కర్పూరం వెలిగించి అరచేతిలో పెట్టుకుని, మా తల్లి యాత్రలో ఇకమీదట మా సింగారయ్య సన్నాయి తప్ప మరొక సన్నాయి పలకదని, మరొకడి సన్నాయికి మా తల్లి పల్లకి లేవదని ప్రమాణం చేశాడు. ఆయన చేశాడని ఊళ్లో మీసం ఉన్న ప్రతివాడూ చేశాడు, మీసం లేని కదిరమ్మ కూడా చేసింది. కర్పూరం చేతిలో ఆరిపోయేదాకా పట్టి చేసిన ప్రమాణానికి ఆ సీమలో తిరుగులేదు. మనిషి రాకపోకలు మనిషి చేతిలో ఉండవని, రాజకొలువులో ఉన్నవాడి రాకపోకలు అసలే ఉండవని ఒక్కరికీ తట్టలేదు. తట్టినవాడు ఒక్కడున్నాడు. ఆ ఒక్కడి నోట్లో ఒత్తు ఉంది. హారతి పాట సాగుతోంది. ఓబన్న కళ్లు పెద్దవి చేశాడు, కనుబొమలు ఎగరేశాడు, మోచేతితో డోలువాణ్ణి పొడిచాడు. ఆయన భక్తిపారవశ్యంలో ఉన్నాడని అందరూ అనుకున్నారు. పాట ముగిసి ఆయన నోరు తెరిచేసరికి ఊరందరి అరచేతుల్లో పొక్కులు లేచి ఉన్నాయి.

రెండవ ఏడు కూడా సింగారయ్య వచ్చాడు. బసిరెడ్డి తన అరచేతి మచ్చను చుట్టాలందరికీ చూపించి మురిసిపోయాడు. మూడవ ఏడు రాజుగారు దుర్గంలో కొత్తగా కట్టించిన ఆలయ గోపురానికి కలశప్రతిష్ఠ ముహూర్తం సరిగ్గా వైశాఖ పౌర్ణమి నాడే కుదిరింది. ఆస్థాన విద్వాంసుడు ఆ రోజున దుర్గం విడిచి వెళ్లడం పొసగదని రాజు సెలవిచ్చాడు. ఆయన దుష్టుడు కాడు, తన ముచ్చట తనది. పౌర్ణమికి ముందు రోజు ఆ వర్తమానంతో భటుడు గాలిగుట్టకు వచ్చి, చెప్పవలసింది చెప్పి, గుర్రం తిప్పుకుని పోయాడు.

అంతటితో ఊరి ముఖం మాడిపోయింది. మూడేళ్లుగా సింగారయ్య పేరు చెప్పుకుని బతికిన నోళ్లే, దుర్గం నెయ్యి తిన్న నాలుకకు గాలిగుట్ట గంజి చేదయిందని దెప్పడం మొదలుపెట్టాయి. తాళం తన గానుగది కాదని కదిరమ్మ చల్లగా తప్పుకుంది. బసిరెడ్డి అరచెయ్యి పంచె మడతలో దాచుకుని, ఏటి అవతలి ఊరినుంచి ఎవరినైనా పిలిపిస్తే ఏమవుతుందని నెమ్మదిగా కదిపి చూశాడు. గాలెమ్మకు పూజ చేసే సుంకులవ్వ, తొంభై ఏళ్ల మనిషి, ఆయన చేయి పట్టుకుని బయటికి లాగి మచ్చను చూపింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేక, ఆ కోపాన్నంతా సింగారయ్య మీదికి తిప్పాడు. తల్లి యాత్ర ఆగితే పాపం వాడిదేననీ, ఇక వాడు సన్నాయి పట్టుకుని ఈ ఊరి పొలిమేరలో అడుగుపెట్టడానికి లేదనీ, పెడితే తానే ఎదురు నిలుస్తాననీ పదిమందిలో అన్నాడు. పదిమందీ అవునన్నారు.

ఓబన్నకు గుండె చివుక్కుమంది. అమ్మవారి యాత్ర ఆగడం ఒక బాధ. తన చెల్లెలి కొడుకు పుట్టిపెరిగిన ఊరికే పరాయివాడై, ఎంత కీర్తి సంపాదించినా తిరిగి వచ్చే గడప లేనివాడు కావడం అంతకంటే పెద్ద బాధ. ఆయన తన జీవితంలో మొదటిసారి పదిమంది ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“ఇంకొకరి సన్నాయి పలకగూడదని గదా మీ ప్రమాణం. ఒత్తు పలకగూడదని ఎవురూ అనలేదు గదా. మా సింగడి శ్రుతి నేను పడతా. వాడు దోవలో ఉండాడనుకోండి.”

నవ్వినవారు నవ్వారు. ఒకే స్వరంతో యాత్ర ఏమిటని, పెళ్లికొడుకు లేని పెళ్లికి పీటలు వేసినట్టుందని గొణిగారు. సుంకులవ్వ మాత్రం నవ్వలేదు. ఆమె ఓబన్న కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని, వంగని ఆ రెండు వేళ్లనూ నిమిరింది.

“శ్రుతి పట్టినారంటే పాట మొదులైనట్టే. పల్లకి లేపండి,” అంది. “అయితే ఓబన్నా, తెగినకాడ తల్లి దిగిపోతాది. దిగినాంక మళ్లా లేసేది ల్యా. నీ మేనల్లుడి పేరు గూడా ఆడనే దిగిపోతాది. ఇష్టమైతే పట్టు.”

మామూలు యాత్రలో మజిలీకొకసారి సన్నాయి ఆగుతుంది, దానితోబాటు ఒత్తువాడూ ఇన్ని నీళ్లు తాగి ఊపిరి తీసుకుంటాడు. ఇప్పుడు అలా లేదు. తెల్లవారినప్పటినుంచి పొద్దుగుంకేదాకా, ఒక్క రెప్పపాటు కూడా తెగకుండా, కొండ ఎక్కుతూ ఆ స్వరం పట్టాలి. ఓబన్నకు అప్పటికి అరవై దాటాయి. ఆయన అమ్మవారికి దండం పెట్టుకుని సరేనన్నాడు.

పౌర్ణమి నాడు సూర్యబింబం తొంగిచూస్తుండగా ఒత్తు పలికింది. పల్లకి లేచింది. సన్నాయివాడు నిలబడే చోటును, ఓబన్నకు కుడివైపున ఒక మనిషి పట్టేంత జాగాను, ఎవరూ తొక్కకుండా ఖాళీగా వదిలిపెట్టారు. మొదటి మజిలీలో పిల్లలు ఆ స్వరాన్ని వెక్కిరిస్తూ తుమ్మెదల్లా ఝుంకారం చేశారు. రెండవ మజిలీలో పెద్దవాళ్లు ముఖాలు చూసుకున్నారు. మూడవ మజిలీ వచ్చేసరికి ఒక వింత జరిగింది. ప్రతియేటా ఆ చోట భూపాలం వినడం అలవాటైన చెవులకు, శ్రుతి ఒక్కటే వినిపిస్తున్నా, దాని మీద పాట తనంతట తాను గుర్తుకు రాసాగింది. కదిరమ్మ ముందు తల ఊపింది. తల ఊపుతున్నట్టు తనకే తెలియదు. నాలుగవ మజిలీలో ఆడవాళ్లు సన్నగా గొంతు కలిపారు. అయిదవ మజిలీలో ఖాళీగా ఉన్న ఆ జాగా వైపు చూస్తూ ఊరు ఊరంతా, వాడు చిన్నప్పుడు ఇక్కడే కాలికి ముల్లు గుచ్చుకుని ఏడ్చాడని, ఈ చెట్టు కిందనే మొదటిసారి తప్పు లేకుండా వాయించాడని, ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. నిన్నటి కోపం ఏ మజిలీలో జారిపోయిందో ఎవరూ గమనించలేదు. బసిరెడ్డి తలపాగా విప్పి, మాచేటి నీళ్లలో తడిపి, ఓబన్న తల మీద కప్పి, ఎండ తగలకుండా పక్కనే గొడుగు పట్టుకుని నడిచాడు.

అదే సమయంలో ఎర్రకోనదుర్గంలో గోపుర కలశాలకు అభిషేకం జరుగుతూ ఉంది. సింగారయ్య సన్నాయి ఎత్తాడు. ఆస్థానపు ఒత్తువాడు శ్రుతి పట్టాడు. సింగారయ్య మొదటి స్వరం ఆ శ్రుతి మీద వాలలేదు. దానికి ఒక వెంట్రుకవాసి దిగువన, అక్కడ లేని మరొక శ్రుతి మీద వాలింది. నోట పెట్టుకునే పీక మార్చాడు, సన్నాయి మార్చాడు, మూడుసార్లు మొదలుపెట్టాడు. మూడుసార్లూ అంతే. పండితులు చెవులు మూసుకున్నారు. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. సెలవు ఇవ్వనందుకు ఇది అలకేమోనని తోచి, ఎవరి శ్రుతికి వాయిస్తున్నావని కొంచెం కఠినంగానే అడిగాడు.

సింగారయ్య సన్నాయిని రాజపాదాల దగ్గర పెట్టి చేతులు జోడించాడు.

“మా మావ శ్రుతికి సామీ. పొద్దున నుంచి చెవిలో తెగకుండా ఉండాది. ఆయన ఒక్కడే పట్టుకుని నాకోసం సూస్తాండాడు. ఎట్లా తెలుసని అడగద్దు, నాకే తెల్దు. నేను పోయి దాని మీద వాలేదాకా ఈ సన్నాయి ఇంకో శ్రుతికి పలకదు.”

వీరతిమ్మ భూపాలుడు సంగీతరసం తెలిసినవాడు, కల్లకూ నిజానికీ తేడా చెవితోనే పోల్చుకోగలవాడు. నాలుగు ఆమడల అవతల పట్టిన శ్రుతి ఇక్కడ వినిపించేదయితే, దాన్ని పట్టినవాణ్ణి చూడకుండా ఉండడం తన కళ్లు చేసుకున్న పాపమే అవుతుందని ఆయనకు అనిపించింది. కలశాలకు నమస్కరించి, మిగిలిన తంతు పురోహితులకు అప్పగించి, రెండు గుర్రాలు సిద్ధం చేయించాడు. మధ్యాహ్నపు ఎండలో ఒక గుర్రం మీద రాజు, ఒక గుర్రం మీద సన్నాయివాడు, పడమటి దిక్కుగా బయలుదేరారు.

ఇక్కడ ఎనిమిదవ మజిలీ దాటింది. అక్కడినుంచి ఎగువబండ దాకా నిట్టనిలువు దారి. ఓబన్న పెదవులు చిట్లి నెత్తురు గొట్టం వెంట కారుతోంది. బుగ్గలు రాయిలా బిగిశాయి. జనంలో చాలామంది ఏడుస్తున్నారు, చాలించమని కొందరు బతిమాలుతున్నారు. పల్లకి దిగినా ఫరవాలేదు, సింగడిని మేమేమీ అనం, ఆపెయ్ అన్నా అని బసిరెడ్డి దండం పెట్టాడు. ఓబన్న తల అడ్డంగా ఊపాడు. పొద్దు గుంకుతుండగా పల్లకి ఎగువబండను చేరింది. తల్లి ఊరివైపు తిరిగింది. యాత్ర ముగిసినట్టే, కాని మంగళం పలికేదాకా శ్రుతి దించకూడదు. మంగళం పలకవలసింది సన్నాయి. నిలబడే శక్తి లేక ఓబన్న, నలభై ఏళ్ల కిందట తన వేళ్లను తిన్న ఆ బండకే ఆనుకుని కూర్చుని, ఒత్తు కొసను దాని మీద మోపి, కళ్లు మూసుకుని ఊదుతూ ఉండిపోయాడు.

అప్పుడు వినిపించింది. గుర్రాలు ఎక్కలేని దారి కనుక, రాజును వెనక వదిలేసి పరుగున గుట్ట ఎక్కుతూ, ఎక్కుతూనే సింగారయ్య సన్నాయి అందుకున్నాడు. మధ్యమావతి. మొదటి స్వరమే వచ్చి ఓబన్న శ్రుతి మీద, చంటిబిడ్డను తల్లి ఒళ్లో పెట్టినట్టు, మెత్తగా వాలింది. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. అతను వచ్చి ఖాళీగా ఉంచిన తన జాగాలో నిలబడ్డాడు. మేనమామ మాచేటి ఇసుకలో నోటితో పాడి చెప్పిన ప్రతి గమకమూ, చెప్పినదానికంటే ఒక పిసరు అందంగా, ఆ సాయంకాలపు గాలిలో విచ్చుకుంది.

ఓబన్న కళ్లు తెరిచాడు. ఆయనకు ఆ క్షణంలో గొంతుదాకా వచ్చిన మాటను మింగుకోవడం అలవాటే. కాని రోజంతా ఊదిన పెదవులు ఆయన మాట వినలేదు. వాటంతట అవి తెరుచుకున్నాయి. ఒత్తు జారి ఒడిలో పడింది. అయిపోయిందనుకుని ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. శ్రుతి తెగలేదు. అదే స్వరం, అదే నిండుదనంతో, వెంట్రుకవాసి తేడా లేకుండా పలుకుతూనే ఉంది. ఓబన్న తన ఒడిలోని గొట్టాన్ని చూశాడు, తన నోటిని తడిమి చూసుకున్నాడు, చివరికి వంగని వేళ్ల చేతిని మెల్లగా బండ మీద ఆనించాడు. బండ పలుకుతోంది. ఒత్తు కొస మోపినచోట, వేలు పట్టేంత రంధ్రం ఒకటి ఏర్పడి, అందులోంచి గాలిగుట్ట గాలి శ్రుతిగా వస్తోంది.

పాట ఇంకా గాలిలోనే ఉంది. ఆయన నోరు ఖాళీగా ఉంది. నలభై ఏళ్లలో ఆ రెండూ ఒకేసారి జరగడం అదే మొదలు. ఓబన్న మేనల్లుడి ముఖంలోకి చూసి, నెత్తురోడుతున్న పెదవులతో, గట్టిగా కాదు, పక్కవాడికి వినిపించేంతగా మాత్రమే అన్నాడు.

“బళారా సింగా.”

సింగారయ్య కళ్లు ధారలు కట్టాయి. సన్నాయి మాత్రం ఆపలేదు. పాట నడుస్తుండగా వచ్చిన మాట కదా, పాటతోనే అందుకున్నాడు. గుట్ట ఎక్కి వచ్చి జనంలో ఒకడుగా నిలబడిన రాజు, తాను ఇచ్చిన కంకణం ఆ విద్వాంసుడి ముఖంలో ఇంత వెలుగు తేలేదని ఆనాడు గ్రహించాడు. మంగళం ముగిసిన తరువాత బసిరెడ్డి ఓబన్నకు తన చేత్తో మజ్జిగ తాగించాడు. రెండు చెంబులు తాగి, ఇంత పొద్దుపోయి వచ్చినావేమిరా అని ఓబన్న మేనల్లుడిని కసిరాడట. రాజు ముందుకు వచ్చి, తప్పు అతనిది కాదు తనదని ఒప్పుకుని, వైశాఖ పౌర్ణమి నాడు గాలిగుట్ట బిడ్డలను ఏ కొలువూ ఆపి ఉంచరాదని అక్కడికక్కడే శాసనం చేశాడు. తల్లి తానే శ్రుతి పట్టుకున్నాక సన్నాయి ఎవరిదైతే ఏమని, ఆ శ్రుతికి వాలగలిగిన ప్రతి సన్నాయీ సింగారయ్యదేనని చెప్పి, సుంకులవ్వ ఊరివాళ్ల కర్పూర ప్రమాణానికి దారి చూపింది. ఆ ఏడు మాచేట్లోకి నీళ్లు ఎప్పటిలాగే వచ్చాయి. ఓబన్న తరువాత పన్నెండేళ్లు బతికాడు, ప్రతి పౌర్ణమికీ ఆ బండకే ఆనుకుని కూర్చుని, నోరు ఖాళీగా పెట్టుకుని, మేనల్లుడి పాట విన్నాడు. బండ మీద ఉన్న పాత అలక మరి కనబడలేదు.

నేటికీ గుట్ట ఎక్కినవారు, ఓబన్న అన్న ఆ మాటతో భళాబండ అయిన ఎగువబండలో వేలు పట్టేంత ఆ రంధ్రాన్ని చూడవచ్చు. సాయంకాలం పడమటి గాలి తిరిగినప్పుడు అది ఒకే ఒక్క స్వరం పలుకుతుంది, సన్నాయివాళ్లు పీకలు సరిచూసుకునేది దాని మీదనే. దాని అంచున గుంటలుపడిన రెండు గీతలు ఓబన్న వేళ్ల గుర్తులని చెబుతారు. యాత్రలో తొలి మజిలీ నుంచి తుది మజిలీ దాకా ఒత్తువాడి కుడివైపున ఒక మనిషి జాగా ఖాళీగా వదలడం ఇప్పటికీ ఉంది. ఈ ఊరినుంచి వెళ్లి పట్నాలలో, సభలలో, రేడియోలలో, సినిమాలలో పేరు తెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. వాళ్ల ఫోటోలు గుడి మెట్ల పక్కన వరుసగా కట్టి, వచ్చినవారికి నీళ్లు ఇచ్చే ముందు చూపించడం ఊరివాళ్లు నేటికీ మానలేదు. వాళ్లందరూ పౌర్ణమినాటి సాయంత్రం వచ్చి, ఒక్కొక్కరుగా ఆ ఖాళీ జాగాలో నిలబడి మధ్యమావతి పలికిస్తారు. ఆ కాసేపు చప్పట్లు ఉండవు, మైకు ఉండదు, ఊరివాళ్లెవరూ నోరు మెదపరు. ఓబన్న వంశంలో పెద్దవాడు బండకు ఆనుకుని కూర్చుని వింటాడు. పాట గాలిలో ఉండగానే ఆయన అనవలసింది అంటాడు, నచ్చకపోతే అనడు. ఎన్నెన్నో శాలువాలు కప్పించుకుని వచ్చినవాళ్లు కూడా వాయిస్తూ వాయిస్తూ ఆ ముసలాయన పెదవుల వైపే చూస్తూ ఉంటారు.